అద్దె షరతులు మధ్యలో మారిస్తే



హైదరాబాద్ మూసారాంబాగ్‌లో ఒక ఇల్లు అనుకోండి. కింద ఓనర్లు. పై పోర్షన్‌లో అద్దెకు భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. స్కూళ్లు తెరవకముందే, జూన్ ఒకటిన పాలు పొంగించుకుని దిగారు. అద్దె 14 వేలు, అడ్వాన్సు రెండు నెలలది 28 వేలు. నీళ్లు అద్దెలోనే. కరెంటుకు మీటరు విడిగా ఉంది కాబట్టి ఆ బిల్లు వీళ్లది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకుని ఇరువైపులా సంతకాలు పెట్టారు.

నవంబరులో ఒక ఆదివారం ఓనరమ్మ పైకి వచ్చింది.

"అమ్మాయ్, వచ్చే నెల నుంచి పదిహేడు వేలు ఇవ్వండమ్మా. నీళ్ల బిల్లు కూడా మీరే చూసుకోవాలి."

"అదేంటి ఆంటీ? మొన్న జూన్‌లోనేగా అగ్రిమెంటు రాసుకున్నాం!"

"అగ్రిమెంటుదేముందమ్మా, అది ఫార్మాలిటీకి. పక్కింట్లో పద్దెనిమిది వస్తోంది. కుదరకపోతే చెప్పండి, అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు."

ఏ పేటకు వెళ్లినా, ఏ కాలనీలో విచారించినా ఈ మాటలు వినిపిస్తాయి. పిల్లల స్కూలు దగ్గరే, అత్తగారి ఆసుపత్రీ దగ్గరే. ఇల్లు మారాలంటే లారీకి, బ్రోకరుకు, కొత్త అడ్వాన్సుకు కలిపి యాభై వేలు కావాలి. అందుకే చాలామంది నోరు మూసుకుని పెంచిన అద్దె కట్టేస్తారు. ఇలాంటప్పుడు అద్దెదారుకు చట్టం ఏమిస్తుంది, ఏమివ్వదు, ఈ రెండూ ఈ రోజు చెప్పుకుందాం. ఇచ్చేది మాత్రమే చెప్పి ఇవ్వనిది దాచిపెడితే, ఆ ధీమాతో గొడవకు దిగి నష్టపోయేది అద్దెదారే.

ముందు అసలు సూత్రం చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 62వ సెక్షను ఉంది. ఒప్పందం చేసుకున్నవాళ్లు ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు, దాని బదులు కొత్తది రాసుకోవచ్చు అని అది చెబుతుంది. ఒకరు అనుకుంటే సరిపోదు. మన ఉదాహరణలో గడువు ఏప్రిల్ 30 దాకా ఉంది. అందాకా అద్దె 14 వేలే, నీళ్లు అందులోనే. పక్కింట్లో ఎంత వస్తోందన్నది ఈ ఇంటి లెక్కలోకి రాదు. అయితే అగ్రిమెంటులోనే "ఆరు నెలల తర్వాత ఇంత పెంచుతాం" అని రాసి ఉంటే సంగతి వేరు. అప్పుడు ఓనరు షరతు మార్చినట్టు కాదు. మీరు సంతకం పెట్టిన షరతునే అమలు చేస్తున్నట్టు.

ఓనరు అడిగినంత మాత్రాన అద్దె పెరగదు. మీరు ఒప్పుకుంటే పెరుగుతుంది. ఒప్పుకోవడమంటే మళ్లీ కాగితం మీద సంతకం పెట్టడమే అనుకోకండి. డిసెంబరులో ఫోన్‌పేలో 17 వేలు పంపారు. జనవరిలో మళ్లీ 17 వేలు పంపారు. ఎక్కడా అభ్యంతరం చెప్పలేదు. ఆ తర్వాత మనసు కష్టపెట్టుకుని వకీలు దగ్గరికి వెళితే, అవతలి వకీలు ముందు చూపించేది మీ బ్యాంకు స్టేట్‌మెంటే. "మీరే ఒప్పుకుని కట్టారు కదా" అంటాడు. అందుకే షరతు మార్చమని అడిగిన మొదటి నెలలో మీరు ఏం చేశారన్నదే తర్వాతి వ్యవహారానికంతటికీ పునాది.

ఇక ఏ చట్టం మీకు వర్తిస్తుందన్న ప్రశ్న. అద్దె అనగానే అందరికీ గుర్తొచ్చేది రెంట్ కంట్రోల్. దీని చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాద్ చట్టం ఉండేవి. ఆ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చింది. అద్దెదారుకు గట్టి అండ అది. అద్దె ఎక్కువగా ఉందనిపిస్తే న్యాయమైన అద్దె నిర్ణయించమని రెంట్ కంట్రోలర్‌ను అడగవచ్చు. అద్దె కట్టిన ప్రతిసారీ రశీదు అడిగే హక్కు ఉంది. చట్టంలో చెప్పిన కారణాలు రుజువైతే తప్ప ఓనరు ఖాళీ చేయించలేడు. ఆ కారణాలేమిటంటే, కావాలని అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, ఇంటిని పాడు చేయడం, ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టడం, ఓనరుకే ఇల్లు నిజంగా అవసరం కావడం, ఇలాంటివి.

ఆ చట్టం కింద అడ్వాన్సు మీద కూడా అదుపు ఉంది. ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అప్పటి నెల్లూరు జిల్లా గూడూరులోని ఒక హోటల్ కేసు ఇదే విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1989లో కోర్టు ఏమందంటే, చట్టం ఒప్పుకున్నదానికి మించిన అడ్వాన్సు ఓనరు చేతిలో పెట్టుకుని, అద్దె బాకీ పడ్డారు కాబట్టి ఖాళీ చేయమనడం చెల్లదు. ఆ అదనపు సొమ్ము అద్దెదారుదే కదా, దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు కదా అన్నది తర్కం.

ఇంత మంచి చట్టం ఉంటే మనకు దిగులెందుకు అంటారేమో. చిక్కు ఇక్కడే ఉంది. మొదట్లో 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించేది కాదు. ఆ మినహాయింపు వివక్ష అంటూ సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది. తర్వాత ప్రభుత్వం కొత్త భవనాలకు కొన్నేళ్లపాటు, ఒక మొత్తానికి మించి అద్దె ఉన్న భవనాలకు మళ్లీ మినహాయింపులు తెచ్చింది. 2005 సవరణతో, మునిసిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించి, మిగతా ప్రాంతాల్లో 2,000కు మించి అద్దె ఉన్న భవనాలను చట్టం బయట పెట్టారు. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కు ఒక గది దొరకడమే కష్టం. పాత సుల్తాన్ బజార్ దుకాణాలు, పాతబస్తీలో ఎప్పటి నుంచో నడుస్తున్న కిరాయిలు పక్కన పెడితే, అపార్ట్‌మెంట్లలోనూ ఇండిపెండెంట్ ఇళ్లలోనూ అద్దెకుండే మధ్యతరగతిలో చాలామందికి ఈ చట్టం రక్షణ లేదు.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఇదే చట్టం తెలంగాణ పేరుతో కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర భవనాల అద్దెలకు వేరే చట్టం చేసుకుంది. అందుకని విజయవాడ, విశాఖ, తిరుపతి శ్రోతలు వకీలును కలిసినప్పుడు 1960 చట్టం దగ్గరే ఆగిపోకుండా ఆ కొత్త చట్టం సంగతి కూడా అడగాలి.

రెంట్ కంట్రోల్ వర్తించని ఇంట్లో ఉన్నంత మాత్రాన చట్టమే లేదని కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. అద్దె సక్రమంగా కడుతున్న వ్యక్తిని గడువు ఉన్నంతవరకు ఎవరూ ఆటంకపరచకూడదని అందులోని 108వ సెక్షను చెబుతుంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతు మీరు తెలియజేసినా తగినంత సమయంలో చేయించకపోతే, మీరే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే తొందరపడి ఈ పని చేయకండి. ఆ మరమ్మతు ఓనరు బాధ్యతే అని అగ్రిమెంటులో ఉండాలి. స్లాబు కారుతోందని ఫోటోతో సహా ముందుగా రాసి తెలియజేయాలి. మేస్త్రీ బిల్లు, సిమెంటు బిల్లు దాచుకోవాలి. ఇవేవీ లేకుండా మూడు వేలు తగ్గించి అద్దె పంపితే, ఓనరు దృష్టిలో మీరు అద్దె బాకీ పడ్డట్టే.

ఇప్పుడు మనందరికీ అలవాటైన పదకొండు నెలల అగ్రిమెంటు సంగతి. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాలని కేంద్ర చట్టం చెబుతుంది కాబట్టి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతటా పదకొండు నెలలకు రాసుకోవడం అలవాటైంది. మన దగ్గర ఇంకో మెలిక ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, స్థిరాస్తి లీజులన్నీ, ఎంత కాలానికైనా సరే, రిజిస్టరు చేయించాల్సిందే అని పెట్టింది. అంటే నోటరీ ముద్ర పడిన పదకొండు నెలల కాగితానికి కోర్టులో మనం అనుకునేంత బలం లేదు. అందులోని షరతులను యథాతథంగా అమలు చేయమని అడిగితే అవతలివాళ్లు రిజిస్ట్రేషన్ లేదని అభ్యంతరం పెడతారు. మీరు అద్దెదారుగా ఉన్నారని, ఇల్లు నివాసానికి తీసుకున్నారని చూపించడం వరకు అది పనికొస్తుంది.

అలాగని మీరు దారిన పోయేవాళ్లు అయిపోరు. 2000లో ఆంథనీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. కాగితం రిజిస్టరు కాకపోయినా, ఓనరు తాళంచెవి ఇచ్చి నెలనెలా అద్దె తీసుకున్నాడంటే వాళ్లిద్దరి మధ్య ఓనరు, అద్దెదారు సంబంధం ఏర్పడినట్టే. అది నెలవారీ అద్దె కింద లెక్క. నెలవారీ అద్దె ముగించాలంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ప్రకారం కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. "రేపటి నుంచి కుదరదు" అంటే చెల్లదు.

ఇక్కడే ఒక చేదు నిజం చెప్పాలి. 15 రోజులంటే ఎంత? మీ అగ్రిమెంటులో "ఇరువురిలో ఎవరైనా ఒక నెల ముందు నోటీసు ఇచ్చి రద్దు చేసుకోవచ్చు" అని ఉందనుకోండి. ఓనరు నేరుగా అద్దె పెంచలేడు గానీ, "పదిహేడు వేలు ఇవ్వండి, లేదా ఇదిగో నెల నోటీసు" అనగలడు. పెంచే హక్కు లేనివాడికి ఖాళీ చేయమనే హక్కు ఉంటే, ఆ రెండో హక్కుతో మొదటి పని చేయించుకుంటాడు. అగ్రిమెంటులో అందరూ అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అనే రెండు అంకెలు చూసి సంతకం పెడతారు. అసలు ప్రమాదం నోటీసు షరతులో ఉంటుంది. "మొదటి పదకొండు నెలలు అద్దె బాకీ పడితే తప్ప ఓనరు ఖాళీ చేయించకూడదు" అన్న ఒక్క వాక్యం దిగేటప్పుడే రాయించుకోండి. పిల్లల చదువు కోసం రెండు మూడేళ్లు అదే ఇంట్లో ఉండాలనుకునేవాళ్లు లీజు రిజిస్టరు చేయించుకోవడానికి వెనకాడకూడదు. రిజిస్టరు అయిన పత్రంలోని షరతును తర్వాత నోటిమాటతో మార్చామంటే కోర్టు వినదు. మార్చాలంటే మళ్లీ రిజిస్టరు చేయించాల్సిందే. రిజిస్ట్రేషన్‌కు పెట్టిన ఖర్చు అక్కడ తిరిగొస్తుంది.

అద్దె ఒక్కటే మారుతుందని లేదు. మారే షరతులు రకరకాలు. "మంజీరా నీళ్లు రావడం లేదు, ట్యాంకరు డబ్బులు పంచుకుందాం" అంటారు. "ఇక నుంచి మెయింటెనెన్స్ వెయ్యి విడిగా" అంటారు. "బండి లోపల పెట్టొద్దు" అంటారు. "మీ ఇంటికి చుట్టాలు ఎక్కువ వస్తున్నారు" అంటారు. వీటిలో ఏది చెల్లుతుందో తేల్చాలంటే దిగేటప్పుడు ఏం అనుకున్నామన్నదే చూడాలి. నీళ్లు, పార్కింగు అద్దెలో భాగంగా ఇచ్చి ఉంటే వాటిని తీసేయడమంటే దొడ్డిదారిన అద్దె పెంచడమే. ఎండాకాలంలో బోరు ఎండిపోయి ట్యాంకరు తెప్పించడం మాత్రం ఎవరూ ముందుగా అనుకోని ఖర్చు. దాని గురించి అగ్రిమెంటులో ఏమీ లేకపోతే కూర్చుని మాట్లాడుకోవడమే మేలు. ప్రతి చిన్నదానికీ చట్టం తీస్తే కింద ఇంట్లో వాళ్లు, పై ఇంట్లో వాళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగడం కష్టమవుతుంది.

ఇల్లు అమ్మేస్తే? "కొత్త ఓనరు వచ్చాడు, కొత్త అద్దె, కొత్త అడ్వాన్సు" అన్నది తరచూ వినే మాట. ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షను ప్రకారం ఇల్లు కొన్నవాడు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు. అద్దె అందుకునే హక్కుతో పాటు పాత ఒప్పందంలోని బాధ్యతలకూ అతన్ని నిలదీయవచ్చు. అమ్మిన సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టి ఉంటే, అదే అద్దె రెండోసారి కట్టనక్కర్లేదు. అమ్మకం కబురు తెలియగానే ఇద్దరినీ అడిగి, మీ అడ్వాన్సు ఎవరి దగ్గర ఉందో రాయించుకోండి. ఆ ఒక్క చీటీ లేకే చాలామంది అడ్వాన్సు పోగొట్టుకుంటారు.

ఖాళీ చేసేటప్పుడు ఇంకో గొడవ వస్తుంది. "పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకుంటాం" అంటారు. అగ్రిమెంటులో ఉంటే మీరు ఒప్పుకున్నట్టే. లేకపోతే వాడుకలో వచ్చే మామూలు అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. గోడకు మేకులు కొట్టి పెచ్చులు ఊడదీస్తే అది వేరే లెక్క. అందుకే దిగిన రోజునే ప్రతి గదినీ, కుళాయిలనూ, స్విచ్ బోర్డులనూ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. తారీఖుతో సహా సాక్ష్యం అక్కడే ఉంటుంది. అడ్వాన్సు తిరిగివ్వకపోతే మూడేళ్లలోపు కోర్టులో దావా వేసుకోవచ్చు.

ఇక బలప్రయోగం సంగతి. అద్దె పెంపునకు ఒప్పుకోనందుకు మోటారు కట్టేయడం, ఫ్యూజు పీకేయడం, ఊరెళ్లి వచ్చేసరికి తలుపుకు ఇంకో తాళం వేసి ఉండటం, ఇవన్నీ జరుగుతున్నాయి. ఈ విషయంలో చట్టం స్పష్టంగా అద్దెదారు వైపే ఉంది. రెంట్ కంట్రోల్ వర్తించే ఇంట్లో సరైన కారణం లేకుండా సౌకర్యాలు ఆపకూడదని 1960 చట్టంలోని 14వ సెక్షను చెబుతుంది. కంట్రోలరుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఆ చట్టం వర్తించని ఇల్లయితే సివిల్ కోర్టులో ఇంజంక్షను అడగవచ్చు. కరెంటు ప్రాథమిక అవసరమని, ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు కరెంటు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

తాళం వేసి గెంటేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షను ఉంది. చట్టప్రకారం కాకుండా బలవంతంగా వెళ్లగొట్టబడినవాళ్లు ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఆస్తి ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగవచ్చు. ఆ ఆరు నెలలు దాటనివ్వకండి. గడువు ముగిసిపోయి, ఉండే హక్కు లేని వ్యక్తినైనా సరే, స్థిరంగా నివసిస్తున్నప్పుడు కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. పోలీస్ స్టేషనుకు వెళితే "ఇది సివిల్ మ్యాటర్" అని పంపించేయడం మామూలే. అద్దె ఎంతన్నది సివిల్ తగాదానే. కానీ మీరు లేనప్పుడు తాళం పగలగొట్టి సామాను బయట పడేయడం నేరం. ఫిర్యాదులో ముందుగా ఆ సంగతి రాయండి, అద్దె గొడవ తర్వాత.

సరే, మళ్లీ నవంబరు ఆదివారం దగ్గరికి వద్దాం. ఆ ఇల్లాలు ఏం చేయాలి? గొడవ పెట్టుకోనక్కర్లేదు. "ఆయనతో మాట్లాడి చెబుతాను ఆంటీ" అని పంపించి, అద్దె కట్టాల్సిన రోజున ఓనరుకు ఇలా ఒక మెసేజి పెట్టాలి.

"నమస్తే అంకుల్. జూన్ 1న రాసుకున్న అగ్రిమెంటు ప్రకారం ఏప్రిల్ 30 వరకు అద్దె నెలకు 14 వేలు, నీళ్లతో కలిపి. మొన్న ఆంటీ అడిగిన పెంపునకు మేము ఒప్పుకోలేకపోతున్నాం. డిసెంబరు అద్దె 14 వేలు ఇప్పుడే మీ ఖాతాకు పంపాం. గడువు అయ్యాక కొత్త అద్దె గురించి కూర్చుని మాట్లాడుకుందాం."

ఇంతే. ఇందులో ఒప్పందం ఏమిటో ఉంది. పెంపునకు ఒప్పుకోలేదని ఉంది. అద్దె ఆపలేదని ఉంది. మాట్లాడుకోవడానికి తలుపు తెరిచే ఉందని కూడా ఉంది. అంకుల్ అని పిలిచి, మర్యాదగానే రాశారు. రేపు ఈ మెసేజిని జడ్జి చదివినా, ఓనరుగారి అల్లుడు చదివినా తప్పు పట్టడానికేమీ ఉండదు. వ్యవహారం ముదిరేలా ఉంటే ఇదే మాట కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపి, రశీదు దాచుకోండి.

ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కోపంతో అద్దె ఆపకండి. "నీళ్లు ఇవ్వలేదు కాబట్టి అద్దె ఇవ్వను" అన్న రోజున న్యాయం మీ వైపు నుంచి ఓనరు వైపు జరుగుతుంది. ఓనరు 14 వేలు తీసుకోనంటే? రెంట్ కంట్రోల్ వర్తించే ఇళ్లకు చట్టంలోనే దారి ఉంది. పది రోజుల్లో బ్యాంకు పేరు చెప్పమని ఓనరుకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ వెనక్కి వస్తే కంట్రోలరు దగ్గర జమ చేయాలి. హైదరాబాద్‌లో రెంట్ కంట్రోలర్లు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో కూర్చుంటారు. మిగతా ఇళ్లకు ఈ వరస లేకపోయినా పద్ధతి అదే. ఓనరు ఖాతా నంబరు మీ దగ్గర ఉంటే ప్రతి నెలా వేస్తూ పొండి. వెనక్కి పంపిస్తే ఆ రికార్డు మీకే పనికొస్తుంది. అద్దె ఎప్పుడూ చేతికి నగదుగా ఇవ్వకండి. ఇవ్వాల్సి వస్తే రశీదు తీసుకోండి. 

ఓనర్ల వైపు కూడా చూడాలి. రిటైరైన గుమస్తా పెన్షను చాలక పై అంతస్తు అద్దెకిచ్చి ఉంటాడు. బ్యాంకు వాయిదా కట్టుకుంటున్నవాళ్లుంటారు. ఆస్తి పన్ను, లిఫ్టు, వాచ్‌మన్ జీతం ఏటా పెరుగుతాయి. అలాంటివాళ్లకు చేయాల్సిన పని సులువే. దిగేటప్పుడే "పదకొండు నెలల తర్వాత ఇంత శాతం పెంపు" అని రాసుకుంటే మధ్యలో అడగాల్సిన పని ఉండదు. గడువు ముగిశాక కొత్త అద్దె అడగడం, నచ్చకపోతే నోటీసు ఇవ్వడం వాళ్ల హక్కే. షరతులు నిలబెట్టుకోవడం అద్దెదారులకూ వర్తిస్తుంది. కుటుంబానికని తీసుకున్న ఇంట్లో హాస్టలు నడిపినా, ఓనరుకు చెప్పకుండా తమ్ముడి స్నేహితులకు ఒక గది అద్దెకిచ్చినా అదీ ఒప్పందం మార్చడమే. దానికి ఏ చట్టమూ కాపు కాయదు.

ఈ చిక్కులన్నీ చూసే కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న మోడల్ టెనెన్సీ చట్టాన్ని ఆమోదించింది. దాని ప్రకారం నివాస గృహాలకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, దాన్ని రెంట్ అథారిటీకి తెలియజేయాలి. ఒప్పందంలో లేనిదే గడువు మధ్యలో అద్దె పెంచకూడదు. ఇంట్లోకి రావాలంటే ఓనరు 24 గంటల ముందు తెలియజేయాలి. అద్దెదారు గడువు దాటినా ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆపైన నాలుగింతలు కట్టాలి. ఇరువైపులా పగ్గాలు వేసిన చట్టం ఇది. అయితే నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది.

వకీలుకు ఫీజు ఇచ్చే స్తోమత లేనివాళ్లు వెనకడుగు వేయొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావారిలో నిర్ణీత ఆదాయంలోపు ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. ప్రతి జిల్లా కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. దావా వేయకముందే తగాదాను లోక్ అదాలత్ ముందు పెట్టుకోవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. పదిహేడు వేలకూ పద్నాలుగు వేలకూ మధ్య ఉన్న తగాదా ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం కన్నా, ఒక పూటలో పదిహేను వేల దగ్గర తెగడం ఇద్దరికీ లాభమే.

చివరిగా అద్దె ఇళ్లలో ఉంటున్న శ్రోతలకు ఒక మనవి. ఈ రాత్రే మీ అగ్రిమెంటు బయటికి తీయండి. మూడు విషయాలు చూడండి. గడువు ఏ తారీఖుతో ముగుస్తుంది? నోటీసు ఎన్నాళ్లు, ఎవరెవరు ఇవ్వవచ్చు? అద్దెలో ఏమేమి కలిసి ఉన్నాయి? వీటిలో ఏది రాసి లేకపోయినా, ఓనరుతో మాట బాగున్న రోజుల్లోనే, గొడవ రాకముందే రాయించుకోండి. అద్దె ప్రతి నెలా ఖాతా ద్వారానే పంపండి. ఎవరైనా షరతు మార్చమంటే ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా, ఆ నెలలోనే రాతలో చెప్పండి. నోటితో అన్న మాట కోర్టు దాకా వెళ్లదు, రాసిన మాట వెళుతుంది.